అయిదు మాటల ప్రార్థన

హీబ్రూ ధర్మశాస్త్రమున నాలుగవదగు సంఖ్యాకాండములో 12వ అధ్యాయము మిక్కిలి చిన్నది. వచనములు 16 మాత్రమే. అయినను నింద, శిక్ష, కనికరము మూడును అందు ఒక్క కుటుంబముననే జరిగినవి. కావున శ్రోతలతో నేడు దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

ఐగుప్తును విడిచిన ఇశ్రాయేలీయులు హజేరోతున దిగియుండిరి. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లియాడెనని అతని అక్క మిర్యాము, అన్న అహరోను ఆక్షేపించిరి. ఆక్షేపణ పెండ్లితో ఆగలేదు. దేవుని పలుకు మోషే యొక్కనికే సొంతమా, తమకును లేదా యని వారు ప్రశ్నించిరి. ఇంటి మాట అధికారపు మాట యయ్యెను. లోకమున తరచుగా ఇట్లే జరుగును గదా.

మోషే బదులు పలుకలేదు. ముందటి అధ్యాయమును చూచినచో ఈ మౌనము భయము కాదని తెలియును. అందు ఎల్దాదు, మేదాదు అను ఇరువురు పాళెములో ప్రవచించుచుండగా, వారిని ఆపుమని యెహోషువ కోరెను. మోషేయో, ప్రజలందరును ప్రవక్తలైన బాగుండునని కోరుకొనెను. తన స్థానమునకు తానే కావలి కాచుకొను గుణము ఆయనకు లేదు. ఆయన పక్షమున దేవుడే మాటాడవలసి వచ్చెను.

మేఘము గుడారమును విడిచినంతనే మిర్యాము దేహము మంచువలె తెల్లబారెను. తెలుగు బైబిలులో దీనిని కుష్ఠమనిరి గాని, హీబ్రూ పదము పలు చర్మవ్యాధులకు చెల్లును. ఇరువురు పలుకగా ఒకతెకే శిక్ష యేల? మూలమున 'మాటాడెను' అను క్రియ స్త్రీలింగ ఏకవచనము. ఆమె పేరే ముందున్నది. కనుక ఆమెయే మొదలిడెనని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఈ సమాధానము మాకు పూర్తిగా తృప్తి నీయదు.

అహరోను మోషేకంటె మూడేండ్లు పెద్ద. అట్టి అన్న తమ్ముని 'నా ప్రభువా' యని పిలిచి, తమ తప్పు ఒప్పుకొని, తోబుట్టువుకై వేడుకొనెను. అంతట మోషే ప్రార్థించెను. ఆ ప్రార్థన హీబ్రూలో అయిదే మాటలు, 11 అక్షరములు. నింద పడినవాడే నిందించినదానికై అడుగుట మాకు విశేషముగా తోచుచున్నది. బంగారు దూడ నాడు ఇదే మోషే 40 దినములు సాగిలపడెను. ప్రజలను క్షమింపనిచో తన పేరునే గ్రంథమునుండి తుడిచివేయుమనెను. తల్మూదులో ఒక ముచ్చట కలదు. రబ్బీ ఎలియెజరు ఎదుట ఒక శిష్యుడు ప్రార్థనను సాగదీయగా తక్కినవారు విసుగుకొనిరి. మోషే 40 దినములకంటె దీర్ఘమా యని గురువు అడిగెను. మరియొకడు చప్పున ముగింపగా, మోషే తన అక్కకై చేసినదానికంటె క్లుప్తమా యనెను.

సమూయేలును ఇట్టివాడే. తన మాట కాదని రాజును కోరిన ప్రజలకై ప్రార్థింపక మానుట పాపమని అతడెంచెను.

ప్రార్థన చేసినను మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల నుండవలసి వచ్చెను. ప్రజలు ఆమెను విడిచి కదలలేదు. మిష్నా యను యూదుల గ్రంథము దీనికొక కారణము చెప్పుచున్నది. పూర్వము ఏటియొడ్డున జమ్ముపెట్టెలోనున్న పసిబిడ్డ మోషేకు ఏమి జరుగునోయని ఈ అక్క దూరమున నిలిచి కొంతసేపు కాచియుండెనట. అందులకే ఇప్పుడామెకొరకు జనులందరును ఏడు దినములు కాచియుండిరట. ఆమె తిరిగి చేరిన పిమ్మట గుడారములు విప్పి పారాను అరణ్యమునకు సాగిరి.