సంతకం అమ్మది, అప్పు ఎవరిది?

(బొల్లారంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బొల్లారం అనగానే మనకు మందుల కంపెనీలు, వాటి వాసన, పాడైన చెరువులు, 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కాలుష్యం కేసు గుర్తొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది వేరే విషయం. ఈ కంపెనీల్లో కాంట్రాక్టు మీద ప్యాకింగు చేసే, ఊడ్చే తల్లులు ఆడపిల్లల పెద్ద చదువుల కోసం బ్యాంకుల్లో పెడుతున్న సంతకాల గురించి.

ఒక తల్లికి తోడుగా బ్యాంకుకు వెళ్లాను. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. బయటికొచ్చాక, "సర్కారు పైసలే గదమ్మా, ఎలక్షన్లొస్తే మాఫీ అయితయి" అంది. ఆమె తప్పేం లేదు. 2008లో, 2014 తర్వాత, 2024లో రైతుల రుణమాఫీలు చూసింది. కానీ ఆ మాఫీలు వ్యవసాయ రుణాలకే. విద్యారుణానికి వర్తించవు. ఇది బ్యాంకు అప్పు, వడ్డీతో కట్టవలసిన అప్పు. ఆ తల్లి పెట్టినది సాక్షి సంతకం కూడా కాదు. ఆమె సహ రుణగ్రహీత. కూతురు కట్టలేకపోతే మొత్తం బాకీ తల్లిని అడగవచ్చు. మూడు నెలలు వాయిదాలు ఆగితే అది మొండి బాకీ అవుతుంది. ఆ మచ్చ ఇద్దరి పేరు మీదా పడుతుంది. రేపు తల్లికి ఇంకో రుణం పుట్టడం కష్టమవుతుంది.

లెక్క చూద్దాం. నాలుగేళ్ల కోర్సుకు ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు తీసుకున్నారనుకోండి. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు అనుకుందాం. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టనక్కర్లేదంటారు. కట్టనక్కర్లేదు గానీ వడ్డీ ఆగదు. మొదటి లక్షకు అయిదేళ్ల వడ్డీ, రెండో లక్షకు నాలుగేళ్లది, అలా మొత్తం 1,40,000 అవుతుంది. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5,40,000. దాన్ని 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 5,800 కట్టాలి.

ఈ 1,40,000 కట్టనవసరం లేని దారి ఒకటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, గుర్తింపు ఉన్న సంస్థల్లో వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009-10లో మొదలైంది. దానికి ఆదాయ ధ్రువపత్రం బ్యాంకులో ఇవ్వాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, బ్యాంకు పెడుతుందా? అది వాయిదాలు మొదలయ్యాక కాదు, రుణం తీసుకునే రోజే అడగాలి.

ఇందులో ఆడపిల్లల మెడకు చుట్టుకునే షరతు ఒకటుంది. అనారోగ్యం వంటి కారణం లేకుండా చదువు మధ్యలో ఆపేస్తే ఈ వడ్డీ రాయితీ రాదు. మన ఇళ్లలో ఆడపిల్ల చదువు మధ్యలో ఎందుకు ఆగుతుంది? మంచి సంబంధం వచ్చిందని! పట్టా ఉండదు, ఉద్యోగం ఉండదు, రాయితీ పోతుంది, అప్పు మాత్రం ఆమెతో అత్తవారింటికి వెళ్తుంది. "అది మీ పుట్టింటి అప్పు" అని అత్తగారు, "పెళ్లి చేసి పంపాం కదా" అని నాన్న. చివరికి కట్టేది ప్యాకింగులో నిలబడ్డ తల్లి. కట్నం లెక్క అడిగే పెద్దమనుషులు ఈ లెక్క ఎందుకు అడగరు?

ఇక రెండో వైపు చూద్దాం. ప్రభుత్వం మనకు బాకీ లేదా? ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు ఏళ్ల తరబడి రాదు. ఆ బకాయిల కోసమే 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. యాజమాన్యాలు బంద్ చేయగలవు. తల్లి ఏం చేస్తుంది? "ఫీజు కడితేనే సర్టిఫికెట్లు" అంటే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. అసలు సర్టిఫికెట్లు ఆపుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పొదుపు సంఘాల సంగతీ అంతే. వడ్డీ లేని రుణమంటారు, ముందు వడ్డీ మనమే కడతాం, తిరిగి వచ్చేదాకా ఎదురు చూస్తాం. మన ఆలస్యానికి వడ్డీ ఉంది. వాళ్ల ఆలస్యానికి లేదు.

అందుకని అప్పు ఎగ్గొట్టమని నేను అనను. తీసుకున్నది కడదాం. అయితే తల వంచుకుని కాదు. ఉద్యోగం రాక వాయిదా కట్టలేకపోతే ఫోను ఎత్తడం మానేయకండి. వాయిదాల గడువు మార్చమని రాతపూర్వకంగా అడగండి, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. కట్టలేకపోవడం నేరం కాదు, దానికి జైలు లేదు. వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు.

కార్యకర్తలుగా మన పని చిన్నదే. జూన్ నెలలో ప్రతి బస్తీలో ఒక సాయంత్రం కూర్చుందాం. రుణపత్రాన్ని తెలుగులో చదివి వినిపిద్దాం. వడ్డీ రాయితీ దరఖాస్తు దగ్గరుండి పెట్టిద్దాం. చదువు పూర్తికాకముందే పెళ్లి మాట వచ్చిన ఇంటికి ఈ లెక్క పట్టుకుని వెళ్దాం. తల్లి సంతకం పెట్టేముందు, తాను దేని మీద పెడుతోందో ఆమెకు తెలియాలి. ఆమె అడగవలసిన మొదటి హక్కు అదే.