చక్ బెర్రీ పాటలు హిట్టే, మరి కింద పేరు ఎవరిది?

ఈరోజు శ్రీశైలం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల కనిపిస్తోంది కదా, మల్లన్న గుడి ప్రాకారం. ఏనుగులు, గుర్రాలు, వేట బొమ్మలు... ఎంత పనో చూడండి. ఇవి చెక్కినవాళ్ల పేర్లు చెప్పమంటే నాకు ఒక్కటి కూడా రాదు. మన ఆళ్లగడ్డలో ఇప్పటికీ విగ్రహాలు చెక్కుతున్నారు. గుడిలో దండం పెట్టుకునేటప్పుడు ఈ విగ్రహం ఎవరు చెక్కారని మనం అడుగుతామా? అడగం.

పాటల సంగతి కూడా అంతే. అందుకే ఈరోజు చక్ బెర్రీ గురించి చెబుతా. రాక్ అండ్ రోల్‌కి దారి వేసినవాళ్లలో ముందు వరసలో ఉండే మనిషి. 1926లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. గిటార్ వాయిస్తూ, వంగి ఒంటికాలి మీద గెంతుతాడు చూడండి, ఆ స్టెప్పు ఆయనదే.

మొదటి హిట్ 'మేబెల్లిన్', 1955. పాత పల్లె పాట ఒకటుంటే, దాన్ని తీసుకుని కార్ల రేసు, మోసం చేసిన అమ్మాయి, ఇలా కొత్త కథ పెట్టాడు. షికాగోలో చెస్ రికార్డ్స్ వాళ్లు రికార్డ్ చేశారు. దుమ్ము లేచిపోయింది. తీరా చూస్తే, రాసినవాళ్ల పేర్లలో ఇంకో ఇద్దరున్నారు! ఒకాయన ఆలన్ ఫ్రీడ్, రేడియోలో పాటలు వేసే పెద్ద డీజే. ఇంకొకాయన రస్ ఫ్రాటో. వీళ్లు ఒక్క ముక్క కూడా రాయలేదు. పేరుంటే రాయల్టీలో వాటా వస్తుంది, అదీ లెక్క. ఆ పేర్లు తీయించడానికి 1986 దాకా పట్టింది. ముప్పై ఏళ్లు అబ్బా!

1958లో 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' వచ్చింది. 1963లో బీచ్ బాయ్స్ అదే ట్యూన్ మీద 'సర్ఫిన్ యూఎస్ఏ' చేసి హిట్ కొట్టారు. తర్వాత దాంట్లో కూడా చక్ బెర్రీ పేరు చేర్చాల్సి వచ్చింది.

ఇక 'జానీ బి గుడ్', అదీ 1958లోనే. చదువు అంతంతమాత్రం, కానీ గిటార్ పడితే అదరగొట్టే పల్లెటూరి కుర్రాడి కథ. మొదట నల్ల కుర్రాడు అని రాసుకున్నాడు. అలా ఉంటే రేడియోలో వేయరని పల్లెటూరి కుర్రాడు అని మార్చాడు. గుడ్ అనేది ఆయన పుట్టిన వీధి పేరు. మరి జానీ ఎవరు?

ఇక్కడే ఉంది అసలు కథ. జానీ జాన్సన్ అని పియానో వాయించేవాడు. 1952 డిసెంబర్ 31 రాత్రి తన బ్యాండ్‌లో ఒకరు రాలేకపోతే, చక్ బెర్రీని పిలిచింది ఈయనే. తర్వాత ఏళ్ల తరబడి కలిసి వాయించారు. 2000లో ఈ జాన్సన్ కోర్టుకెళ్లాడు. యాభైకి పైగా పాటల్లో నా చెయ్యి కూడా ఉంది, నా పేరేదీ అని. చాలా ఆలస్యమైందని 2002లో కోర్టు కేసు కొట్టేసింది. ఎవరిది ఎంత అనేది తేలనే లేదు.

చూశారా? తన పాట మీద వేరేవాళ్ల పేర్లు పడి బాధపడిన మనిషి మీదే, పక్కనున్న స్నేహితుడు అదే మాటతో కేసు వేశాడు. చక్ బెర్రీని దొంగ అనడానికి నేను ఇది చెప్పట్లేదు. పాట పుట్టిన రోజే కూర్చుని ఎవరు ఏం చేశారో రాసుకోకపోతే, తర్వాత స్నేహం కూడా మిగలదు.

1977లో నాసా వాయేజర్ నౌకల్లో బంగారు పూత రికార్డు పెట్టి అంతరిక్షంలోకి పంపింది. అందులో 'జానీ బి గుడ్' ఉంది. అదే రికార్డులో 55 భాషల పలకరింపుల్లో మన తెలుగు కూడా ఉంది తెలుసా! ఆ పాటలో జాన్సన్ పేరు కూడా ఏదో రకంగా అంత దూరం వెళ్లినట్టే. డబ్బులు మాత్రం వెళ్లలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు పాట అప్‌లోడ్ చేసే ముందు రాసిందెవరు, ట్యూన్ ఎవరిది, డప్పు ఎవరు కొట్టారు, అందరి పేర్లూ పెట్టండి. వాటాలు ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు చేయండి. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం మార్చి, రాసినవాళ్లకీ ట్యూన్ కట్టినవాళ్లకీ రాయల్టీ హక్కు గట్టిగా ఇచ్చారు. కానీ పేరే లేకపోతే హక్కు ఎవరికిస్తారు?

మీ ఊళ్లో అందరూ పాడే పాట ఒకటి ఉంటుంది కదా, అది కట్టిన మనిషి పేరు కనుక్కుని కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!