ఓడ ప్రయాణానికి ధరావతు: తిరిగొచ్చేదా, తిరిగిరానిదా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

విదేశాల్లో పిల్లలున్న సభ్యులకు పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. వీసా ఇంటర్వ్యూ గురించీ, ఆరోగ్య బీమా గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందులో తొమ్మిదేళ్ళు డిపాజిట్ల సెక్షన్లోనే గడిచాయి. అందుచేత ధరావతు గురించే మాట్లాడతాను. టెండరు ధరావతు కాదు. ఆరో వంతుకు మించి ఓట్లు రాకపోతే గల్లంతయ్యే ఎన్నికల ధరావతూ కాదు. సముద్రం మీద విహారయాత్రకు వెళ్ళే ఓడకు ముందుగా కట్టే ధరావతు.

ఓడ యాత్రలు మనకెందుకండీ అని వెనక వరసలో ఎవరో అంటున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ మన విశాఖ రేవుకే వచ్చి పుదుచ్చేరికీ, చెన్నైకీ యాత్రికులను తీసుకెళ్ళింది. ఇక అమెరికాలో పిల్లలున్నవారి సంగతి చెప్పనక్కరలేదు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వస్తే ఒక వారం ఓడ ఎక్కించడం ఇప్పుడు అక్కడ మన పిల్లలకు మామూలైపోయింది. టికెట్లు వాళ్ళే కొంటారు, డబ్బూ వాళ్ళే కడతారు. మనల్ని అడిగితే “మీ ఇష్టం నాయనా” అంటాం. నా మనవి ఏమిటంటే, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ మాట అనవద్దు. ఎందుకో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. 2023 అక్టోబరులో ఫోను చేసి, మరుసటి సంవత్సరం జూలైలో అలాస్కా వెళ్ళే ఓడలో ఏడు రాత్రుల యాత్రకు గదులు తీసుకుంటున్నానన్నాడు. “నాన్నగారూ, ఒకే గదికి రెండు ధరలున్నాయి. రిఫండబుల్ డిపాజిట్ అయితే ఒక ధర, నాన్ రిఫండబుల్ అయితే మనిషికి 90 డాలర్లు తక్కువ. అందరికీ తక్కువదే తీసుకోనా?” అని అడిగాడు. ధరావతు ఎంతరా అంటే, ఏ రకానికైనా మనిషికి 250 డాలర్లే అన్నాడు.

అంటే మా దంపతులిద్దరికీ ధరావతు 500 డాలర్లు. ధరలో తేడా 180 డాలర్లు. మిగతా సొమ్మంతా ఓడ బయల్దేరడానికి 90 రోజుల ముందు కట్టాలి. ఆ గడువులోగా మానుకుంటే మొదటి రకంలో 500 డాలర్లూ వెనక్కి వస్తాయి, రెండో రకంలో పోతాయి. తేదీ మార్చుకుంటే మాత్రం రెండో రకంలోనూ ధరావతు మొత్తం పోదు. మనిషికి 100 డాలర్లు రుసుము కోసుకొని మిగతాది కొత్త తేదీకి జమకడతారు.

ఇక్కడ చాలామంది ఒక చిన్న సంగతి గమనించరు. ఆ 180 డాలర్లు మనం ఎప్పుడు నష్టపోతాం? ఓడ ఎక్కితేనే. మానుకుంటే ధరావతు తిరిగొస్తుంది, మిగతా సొమ్ము ఎలాగూ కట్టలేదు కనుక ఎక్కువ ధర మన మీద పడే ప్రసక్తే లేదు. రెండో రకంలో దీనికి సరిగ్గా తిరకాసు. ఎక్కితే 180 మిగులు, మానుకుంటే 500 నష్టం. కాబట్టి పోల్చవలసింది 180నీ 500నీ మాత్రమే కాదు. వెళ్ళే అవకాశం ఎంత, ఆగిపోయే అవకాశం ఎంత అన్నది కూడా కలిపి చూడాలి. ఇలాంటి యాత్రలు నాలుగు తలపెట్టామనుకోండి. మూడింటికి వెళ్ళాం, ఒకటి మానుకున్నాం. చవక టికెట్టు మీద మూడుసార్లు 180 చొప్పున 540 మిగిలింది, ఒకసారి 500 పోయింది. దాదాపు చెల్లుకు చెల్లు. అంటే ఈ ధరల దగ్గర నాలుగింట ఒక వంతు అనుమానం ఉంటే రెండు రకాలూ ఒకటే. అంతకంటే అనుమానం ఎక్కువైతే తిరిగొచ్చేది, తక్కువైతే తిరిగిరానిది. మీ ధరలు వేరైతే ఈ వంతు మారుతుంది, లెక్క కట్టే తీరు మారదు.

ఇప్పుడు ఎవరి అనుమానం ఎంత? మా అబ్బాయికి, కోడలికి సెలవులు ఖాయమయ్యాయి. మనవడికి బడి సెలవులే. పదింట ఒక వంతు కూడా అనుమానం లేదు. మా సంగతి అది కాదు. మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు, నాకు రక్తపోటు. ఇవి చాలవన్నట్టు కెనడా వీసా.

అమెరికా వీసా ఉంటే చాలదా, అలాస్కా కూడా అమెరికాయే కదా అని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. దీని వెనక 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ ఏదీ అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపు బహామాస్, పనామా వంటి దేశాల్లో రిజిస్టరయినవే. కనుక సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే వచ్చే ఓడ మధ్యలో ఎక్కడో ఒకచోట విదేశీ రేవును తాకి తీరాలి. అందుకని కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది, చాలాసార్లు చివరి రాత్రి కొన్ని గంటలు మాత్రమే. ఆ కొన్ని గంటల కోసం భారత పాస్‌పోర్టు వాళ్ళకు కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్న మన పిల్లలకు అక్కరలేదు, అందుకే ఈ సంగతి వాళ్ళకు తట్టదు. నూట ముప్ఫై ఏళ్ళు దాటిన రూలు ఇంకా అమల్లో ఉందంటే మన శాఖ కోడ్లు గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది లెండి. ముచ్చట సరే, వీసా ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

అందుచేత అబ్బాయికి ఒకటే చెప్పాను. “మీ ముగ్గురి గదికి తిరిగిరానిదే తీసుకో. మా గది వేరే బుకింగు కదా, దానికి మాత్రం తిరిగొచ్చేది తీసుకో.” ఒకే కుటుంబానికి రెండు రకాలేమిటి మావయ్యగారూ అని కోడలు నవ్వింది. గది గదికీ విడిగా ఎంచుకోవచ్చునని కంపెనీకి ఫోను చేసి తనే కనుక్కుంది.

ఇక గడువు సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. తిరిగొచ్చే ధరావతు అంటే చివరిదాకా తిరిగొస్తుందని కాదు. ఆ 90 రోజుల గడువు దాటితే రెండు రకాలకూ ఒకటే శిక్ష. మా కాగితంలోని పట్టిక ఇది: 89 నుంచి 75 రోజుల్లోపు మానుకుంటే మొత్తం ధరలో 25 శాతం పోతుంది, 74 నుంచి 61 వరకు 50 శాతం, 60 నుంచి 31 వరకు 75 శాతం, 30 రోజులు లేదా అంతకన్నా తక్కువైతే మొత్తమంతా. పన్నులూ, రేవు రుసుములూ మాత్రం వెనక్కిస్తారు, అవి అడిగి తీసుకోవాలి. కంపెనీ కంపెనీకీ పట్టిక మారుతుంది, చిన్న యాత్రలకు గడువు తక్కువ. ఏదైనా సరే, ఆ ఆఖరి తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకోవాలి, దానికి వారం ముందు ఇంకో గీత పెట్టుకోవాలి.

ఇప్పుడు పేర్లు చెప్పకుండా ఒక దంపతుల సంగతి. నాకు బాగా కావలసినవారు. వారి అమ్మాయి న్యూజెర్సీ నుంచి బెర్ముడా వెళ్ళే ఏడు రాత్రుల యాత్రకు తల్లిదండ్రుల గది తిరిగిరాని ధరావతుతో తీసుకుంది. ఇద్దరికీ కలిపి ధర 2,400 డాలర్లు, అందులో ధరావతు 500. యాత్ర నాలుగు నెలలుందనగా ఆయనకు మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండేది. భార్యకు చెప్పలేదు, కూతురికి అసలే చెప్పలేదు. “నా మూలంగా పిల్ల 500 డాలర్లు పోగొట్టుకోవాలా?” అన్నది ఆయన ఆలోచన. 500 డాలర్లంటే మనం మనసులో వెంటనే రూపాయల్లోకి మార్చి గుండె బాదుకుంటాం, అది మన తరం అలవాటు. 90 రోజుల గడువు దాటింది, అమ్మాయి మిగతా డబ్బంతా కట్టేసింది. ఇంకా 40 రోజులుందనగా నొప్పి ఎక్కువై ఆస్పత్రికి వెళితే స్టెంటు వేయాలన్నారు. పట్టిక ప్రకారం 75 శాతం, అంటే 1,800 డాలర్లు పోయాయి. మనిషి దక్కారు, అది భగవంతుడి దయ. ఆయన ఆ గడువు దాటకముందే ఒక్కరోజు నోరు విప్పి ఉంటే పోయేది 500. అసలు ధరావతు తిరిగొచ్చేదై ఉంటే ఆయన నోరు మూసుకునే కారణమే ఉండేది కాదు.

నేను పైన వేసిన నాలుగింట ఒక వంతు లెక్కలో ఇది పట్టదు. తిరిగిరాని డబ్బు పిల్లలకు ఒక ధర మాత్రమే. మన వయసువాళ్ళకు అది నోటికి తాళం. ఆయాసాన్ని దాస్తాం, కళ్ళు తిరిగితే ఎండ అంటాం. కాబట్టి లెక్క సమానంగా తేలినా, కాస్త అటువైపు మొగ్గినా కూడా, డెబ్బై దాటినవాళ్ళు తిరిగొచ్చేదే తీసుకోవాలని నా అభిప్రాయం. ఇందులో పిసినారితనం పనికిరాదు.

మా యాత్ర ఏమైందని అడుగుతారు. డిసెంబరులో కెనడా వీసాకు దరఖాస్తు చేశాం, హైదరాబాదులో వేలిముద్రలు ఇచ్చాం. మార్చి గడిచింది, జవాబు లేదు. గడువు ఏప్రిల్ రెండో వారంలో. దానికి అయిదు రోజుల ముందు మా గది రద్దు చేయమన్నాను. రెండు వారాల లోపే 500 డాలర్లూ అబ్బాయి కార్డులో జమయ్యాయి. మే నెలలో, మేం సియాటిల్ వెళ్ళాక, ఇద్దరికీ వీసా మంజూరైందని తెలిసింది! అప్పటికి అదే రకం గది ధర మనిషికి 300 డాలర్లు పెరిగింది. మా ఆవిడ “ఆ చలిలోకి ఇంకెందుకులెండి” అంది. పిల్లలను రేవులో ఓడ ఎక్కించి, ఆ వారం రోజులూ ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోశాం. మార్చిలోనే వీసా వచ్చి ఉంటే ఆ 180 డాలర్లు ఎక్కువ ఇచ్చి వెళ్ళేవాళ్ళం, అదీ నాకు దండగనిపించేది కాదు.

మరో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను. కొన్ని కంపెనీలు తిరిగిరాని ధరావతును పూర్తిగా మింగవు, రుసుము కోసుకొని మిగతాది తర్వాతి యాత్రకు క్రెడిట్‌గా ఇస్తాయి. దానికి గడువు తేదీ ఉంటుంది. మన ఖజానాలో మూడేళ్ళు దాటి లాప్సయిన డిపాజిట్టును కూడా అకౌంటెంట్ జనరల్ మంజూరుతో మళ్ళీ ఇప్పించేవాళ్ళం, మీలో చాలామందికి గుర్తుంటుంది. ఓడ కంపెనీకి అకౌంటెంట్ జనరల్ ఎవరూ లేరు. మళ్ళీ అమెరికా ఎప్పుడు వెళతామో తెలియని మనకు ఆ క్రెడిట్ ఉన్నా లేనట్టే.

యాత్రను మనం కాక కంపెనీయే రద్దు చేస్తే తిరిగొచ్చేది, రానిది అన్న తేడా లేదు. 2020 మార్చిలో కరోనా వల్ల ఓడలన్నీ ఆగినప్పుడు, కట్టిన డబ్బైనా తీసుకోండి, లేదా అంతకు పావు వంతు ఎక్కువ క్రెడిట్టైనా తీసుకోండి అని కొన్ని పెద్ద కంపెనీలు అడిగాయి. తర్వాత 2022లో అమెరికా ఫెడరల్ మారిటైమ్ కమిషన్ రూలు పెట్టింది. వారి రేవుల్లో ఎక్కే యాత్ర రద్దయినా, బయల్దేరడం 3 రోజులు లేదా అంతకు మించి ఆలస్యమై ప్రయాణికుడు వద్దనుకున్నా డబ్బు తిరిగివ్వాలి. ఆ సమయంలో క్రెడిట్టు ఎక్కువని ఆశపడక నగదే అడగండి.

వచ్చే వేసవికి ప్రయాణమయ్యేవాళ్ళు పిల్లలను అడిగి రెండు ధరల కాగితాలూ, రద్దు పట్టికా తెప్పించుకోండి. నేను ప్రతి రెండో శనివారం సాయంత్రం మన సంఘం గదిలోనే ఉంటాను. తీసుకొస్తే కూర్చొని లెక్క వేద్దాం. కళ్ళజోడు మాత్రం మరిచిపోకండి, ఆ కాగితాల్లో అక్షరాలు మరీ సన్నం.