పచ్చ యనిన ఏ పచ్చ?

(సంఘ సమావేశమున అచ్చుపనివారి పక్షమున గావింపబడిన ప్రసంగపాఠము)



అచ్చుపనిలోని మా అనుభవములను కొన్నింటిని మీ యెదుట మనవి చేయుమని సంఘమువారు మమ్ము కోరిరి. మేము పండితులము గాము. శుభలేఖలు, క్యాలెండర్లు, సంఘముల ప్రత్యేక సంచికలు కూర్చి అచ్చువేయించువారము. కనుక మాకు తెలిసిన విషయము నొక్కదానినే ముచ్చటించెదము. పని యిచ్చువారు రంగును గూర్చి చెప్పిన మాట మాకు తికమకగా తోచినప్పుడు మేము చేయదగిన దేమి?

కొన్ని యేండ్ల క్రిందట, తమిళదేశపు దక్షిణభాగమున తరతరములుగా నివసించుచున్న ఒక తెలుగు కుటుంబమువారు మాకు శుభలేఖల పని యిచ్చిరి. ఇంటి పెద్దలు ఫోనులో "అంచు పచ్చగా నుండవలెను" అని తెలుగున సెలవిచ్చిరి. మాలో ఒకరు దానిని విని, చీటిపై తమిళమున "పచ్చై" అని వ్రాసికొనిరి. వేయి శుభలేఖలు ఆకుపచ్చ అంచుతో అచ్చయి వచ్చినవి. పెద్దలు కట్ట విప్పి చూచి, "పసుపేదయ్యా?" అనిరి. వారు కోరినది పసుపుకొమ్ము రంగు. ముహూర్తమునకు మూడు వారములైనను లేవు. రాత్రింబవళ్లు శ్రమించి మరల అచ్చువేయించితిమి. కాగితము, కూలి నష్టము మేమే భరించితిమి.

ఆ తప్పు పెద్దలది గాదు. తెలుగున "పచ్చ" యను మాట ఆకునకు చెల్లును, పసుపునకును చెల్లును. పచ్చని పైరు అందుము. పచ్చని మేనిఛాయ అనియు అందుము. తమిళమున "పచ్చై" యనిన ఆకుపచ్చయే. పసుపునకు "మంజళ్" అను వేరు మాట గలదు. దినమెల్ల ఇరుగుపొరుగు భాషలో మసలుచు, మన మాటకు గల రెండవ యర్థమును మేమే మరచితిమి.

ఇట్టిదే మరియొక చిక్కు "రెండు రంగులు" అను మాటతో వచ్చును. పని యిచ్చువారు నలుపును రంగుగా లెక్కింపరు. వారి మనస్సులో ఎరుపు, నీలము రెండు రంగులు. అక్షరములు ఎటులను నల్లనివే. యంత్రమునకు మాత్రము నలుపును ఒక సిరాయే, దానికిని ఒక ప్లేటు కావలెను. కనుక వారి రెండు మాకు మూడగును, ధరయు మారును. కాగితపు తెలుపునకు సిరా అక్కరలేదు. ఎరుపునే సన్నని చుక్కలుగా అచ్చువేసిన లేత ఎరుపుగా కనబడును. దానికి వేరు ప్లేటు లేదు. "నాలుగు రంగులు" అనిన నాలుగే రంగులని కొందరు తలంతురు. నిజమునకు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాల చుక్కల కలయికచేతనే ఛాయాచిత్రములోని వేలకొలది వన్నెలు కనబడుచున్నవి.

ఇక ఫోను తెరపై చూచిన రంగే కాగితముపై రావలెనని కోరువారు పెక్కురు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులను కలిపి చూపును. కాగితము తనపై బడిన వెలుగులో సిరా మ్రింగగా మిగిలినదానిని మాత్రమే చూపును. అందుచే తెరమీది మిరుమిట్లు అచ్చున రావు. నునుపుకాగితముపై మెరయు రంగు, సిరాను పీల్చుకొను మామూలు కాగితముపై మందగించును. బంగారు రంగు ఆ నాలుగు సిరాలతో పుట్టదు. మట్టిపసుపు మాత్రమే వచ్చును. దానికి లోహపు సిరాయో, బంగారు రేకో వేరుగా కావలెను. ఈ సంగతులు పని యిచ్చువారికి తెలియకపోవుట నేరము గాదు. తెలిసియు ముందుగా చెప్పకపోవుట మా నేరము.

ఆ శుభలేఖల నాటినుండి మేము కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొంటిమి. రంగు పేరు విన్నంతనే వ్రాసికొనము, "దేనివంటి రంగు?" అని యడుగుదుము. పసుపుకొమ్మా, చిలుక రెక్కా, వంకాయా, గంధమా? వీలైనచో చీరయంచునో, పాత శుభలేఖనో తెమ్మందుము. సిరాలెన్నో, నలుపు వానిలో చేరినదో లేదో, అచ్చు ఒకవైపో రెండువైపులో చీటిపై వ్రాసి చదివి వినిపింతుము. ప్లేటు చేయుటకు ముందు, వీలైనంతవరకు అదే కాగితముపై ప్రూఫు తీసి, పగటివెలుగున చూపి, చేవ్రాలు తీసికొందుము. చిన్న తెలుగు అక్షరములను ఒక్క నలుపుతోనే వేయుదుము. నాలుగు సిరాలతో వేసినచో ప్లేటు వెంట్రుకవాసి జరిగినను వత్తులు అలికిపోవును.

సోదరులారా! ఆ ఇంటి పెద్దలు తమ రెండవ బిడ్డ పెండ్లికిని మాకే పని యిచ్చిరి. ఈ మారు "మంజళ్ అంచు" అని తమిళమున చెప్పిరి. పని తప్పలేదు గాని, మా మనస్సు చివుక్కుమనినది. మా అజాగ్రత్తవలన ఒక తెలుగు పెద్ద తన మాటను తనయింటి శుభకార్యముననే మార్చుకొనవలసివచ్చెను గదా! కావున మా విన్నపమిది: అచ్చుకూటమునకు వచ్చునపుడు మీ ఇంటి మాటనే పలుకుడు, వెంట ఒక పసుపుకొమ్ము తెండు. "ఏ పచ్చ?" అని యడుగు బాధ్యత మాది.