సతీర్థ్యుల మైత్రి - కొలువు వెదకుట



ఒకే గురువుకడ చదివినవారిని మన పూర్వులు సతీర్థ్యులనిరి. తీర్థమనగా ఇచ్చట గురువు. ఒకే గురువును సేవించినవారు సతీర్థ్యులు. ఒకే తల్లి బిడ్డలు సోదరులైనట్లు వీరును ఒక విధమున బంధువులే. ఈ బంధుత్వమును బ్రతుకుతెరువునకై ఎంతవఱకు వినియోగింపవచ్చును? ఎచ్చట నిలువవలెను? ఈ విషయమును గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింప దలచితిని.

ఇటీవల మన యూళ్లలో పూర్వవిద్యార్థుల సమ్మేళనములు విరివిగా జరుగుచున్నవి. పదవ తరగతి చదివి ఇరువదియైదేండ్లు, ముప్పదియేండ్లు గడచినవారు తమ పాఠశాలలో మరల కలిసికొని, గురువులకు శాలువలు కప్పి, సహపంక్తిని భుజించి, ఛాయాచిత్రములు తీయించుకొని వెళ్లుచున్నారు. నా పెట్టెలోను అట్టి శాలువలు పదునాలుగున్నవి. అది సంతోషమే. కాని భోజనములైన పిమ్మట చెట్టునీడను వేఱొక ముచ్చట మొదలగును. "మావాడు చదువు ముగించి యింటనే యున్నాడు. నీవు పట్టణమున పెద్ద యుద్యోగములో నున్నావు. ఏదైన చూడరాదా?" అని యొకడు మెల్లగా నడుగును. అడిగినవాని మొగమున బిడియము. విన్నవాని మొగమున ఇరకాటము. ఈ రెండింటిని పలుమాఱులు చూచితిని గనుకనే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

ఈ యిరకాటము క్రొత్తది కాదు. ద్రోణుడును ద్రుపదుడును ఒక్కచోట విద్య నేర్చినవారే. ద్రుపదుడు పాంచాలరాజయ్యెను. ద్రోణుడు పేదవాడై, పాలకై యేడ్చు బిడ్డను చూడలేక, చెలికాని కొలువునకు పోయెను. రాజునకును పేదకును చెలిమి యేమని ద్రుపదు డవమానించెను. ఆ మాట అంతటితో పోలేదు. ద్రోణుడు శిష్యులచే ద్రుపదుని పట్టి తెప్పించి సగము రాజ్యము గైకొనెను. ద్రుపదుడు ద్రోణుని చంపగల కుమారునికై యజ్ఞము చేసెను. తుదకు కురుక్షేత్రమున ఆ ధృష్టద్యుమ్నుని చేతనే ద్రోణుడు కూలెను.

ఇక భాగవతమునందలి కుచేలుడు. అతడు సాందీపనికడ శ్రీకృష్ణునితో చదివినవాడు. ఇల్లాలి మాట మన్నించి, కొంగున అటుకులు కట్టుకొని ద్వారకకు పోయెను. కృష్ణుడు కాళ్లు కడిగి కూర్చుండబెట్టి, గురుపత్ని పంపున కట్టెలకు పోయి అడవిలో గాలివానకు చిక్కుకొన్న నాటి సంగతి తలపునకు తెచ్చెను. కుచేలుడేమియు నడుగకయే మరలెను. ఇల్లు చేరుసరికి సిరి నిండియుండెను.

అడుగుట కీడు, అడుగకుండుట మేలు అని చెప్పి ఈ రెండు కథలను ముగించుట వాడుక. నేనును బడిలో ఏండ్ల తరబడి అట్లే చెప్పితిని. ఇప్పు డాలోచింపగా వేఱొక సంగతి తోచుచున్నది. శ్రీకృష్ణుడిచ్చినది తన సొమ్ము. దానివలన వేఱొకని నోటి కూడు పోలేదు. నేటి యధికారి చేతనున్న కొలువు అతని సొమ్ము కాదు. అది ప్రజలదో, యజమానిదో అయియుండును; దానికై రేయింబవళ్లు చదివి కాచుకొనియున్న ఎవరి బిడ్డదో అయియుండును. తన గాదెలోని ధాన్యము పంచువాడు దాత. ఊరి గాదె తెఱచి చెలికానికి కొలిచి పోయువానిని దాత యనము.

ప్రభుత్వోద్యోగముల విషయమున ఈ భేదమును పాలకులును గుర్తించిరి. సిఫారసు చేయించిన యభ్యర్థిని త్రోసిపుచ్చుదుమని ప్రకటనలలోనే వ్రాయుచుందురు. 1-1-2016 నుండి కేంద్రప్రభుత్వమునందలి క్రింది తరగతుల యుద్యోగములకు ముఖాముఖి పరీక్షయే తీసివేసిరి. కావున అట్టి కొలువులకై పాత స్నేహితుని ద్వారమున నిలుచుట వృథాశ్రమ.

అయినచో సతీర్థ్యుని వలన ప్రయోజనమే లేదా? కలదు. అతని సొంత సొమ్ము కొంత కలదు గదా! అతడు తెలిసికొన్న సమాచారము, పొందిన యనుభవము, తన తీరిక, తన యింట నాలుగు దినముల బస, తాను కన్నులార చూచినదానికి సాక్ష్యము - ఇవి అతడు ధారాళముగ ఈయదగినవి. వీనిని అడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

వీని విలువ యెంతటిదో పరిశోధించినవారును గలరు. అమెరికాదేశమున మార్కు గ్రనోవెటరను సామాజికశాస్త్రజ్ఞుడు, న్యూటన్ అను పట్టణమున పరిచయస్థుల మూలమున కొలువు దొరకినవారిని ప్రశ్నించి, ఆ ఫలితములను 1973వ సంవత్సరమున ప్రకటించెను. వారిలో తఱచుగా కలిసికొను వారివలన మేలు పొందినవారు నూటికి 17 మందియే. తక్కినవారందఱికి సాయపడినది అప్పుడప్పుడో, అరుదుగనో కనబడు పరిచయస్థులు. కారణము సులభము. మన యరుగుమీద కూర్చుండువానికి మనకు తెలిసినదే తెలియును; దూరముననున్నవానికి మన మెఱుగని సంగతులు తెలియును. ముప్పదియేండ్లకు కనబడిన సతీర్థ్యుడు అట్టివాడే.

ఇక నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. సుమారు పదునైదేండ్ల క్రిందట ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని, అరటిగెలతో మా యింటికి వచ్చెను. నా పూర్వశిష్యుడొకడు ఒక కర్మాగారమున అధికారి. అతనికి ఉత్తరము కావలెననిరి. ఆ పిల్లవాడు లెక్కలలో మందుడని నే నెఱుగుదును. మొగమాటమునకు లోనై "ఇతడు లెక్కలలో దిట్ట" అని వ్రాసితిని. గురువు మాట యని నమ్మి ఆ యధికారి వానిని పద్దుల పనిలో చేర్చుకొనెను. మూడు మాసములలో పద్దులు తారుమారయ్యెను. అందు మోసము లేదు, చేతకానితనమే. పిల్లవాడు పని మానెను. అధికారి పైవారికి సంజాయిషీ చెప్పుకొనెను. నన్ను మాత్రము ఒక్క మాటయు అనలేదు.

రెండేండ్లకు నిజముగ దిట్టయైన యొక కూలివాని కుమారుని అతనికడకు పంపితిని. అతడు నా యుత్తరమును విప్పకయే ప్రక్కనుంచి, "గురువుగారికి నా నమస్కారములు చెప్పుము. ప్రస్తుత మిచ్చట ఖాళీలు లేవు" అని పంపివేసెను. నా తొలి యబద్ధము ఒకనికి మూడు మాసముల కూడు పెట్టినది; అర్హుడైన మఱియొకనికి వాకిలి మూసినది. ఆ బాలుడు ఆ యుత్తరమును నలుగకుండ తెచ్చి నాకు మరల ఇచ్చెను. నేటికిని అది నా పెట్టెలో ఆ శాలువల క్రిందనే యున్నది.

కావున పెద్దలారా, నా మనవి యిది. మీ బిడ్డలను సతీర్థ్యులకడకు పంపుడు. కాని కొలువిమ్మని పంపకుడు. "ఈ పనికి ఏమి నేర్వవలెను? ఎచ్చట నేర్తురు? ఖాళీలు ఎప్పుడు, ఎచ్చట ప్రకటింతురు?" అని యడుగుమనుడు. వెళ్లినవాడు తాను ఏ యేట ఏ బడిని చదివినవారి బిడ్డయో ముందు చెప్పవలెను; చేతనైనదానిని ఉన్నంతయే చెప్పవలెను; ఫలితమేదైనను తరువాత ఒక్క మాట తెలుపవలెను. పెద్ద యుద్యోగమున నున్నవారును ద్రుపదునివలె పలుకరాదు. "ఇది నా చేతిలో లేదు, నాకు తెలిసినది చెప్పెదను" అను మాటకు ఖర్చు లేదు.

సమ్మేళనములు జరిపించువారికి మఱియొక మాట. పాఠశాలలో ఒక పట్టిక నుంచుడు. ఎవరు ఎచ్చట ఏ పని చేయుచున్నారో వ్రాయుడు. అధికారులనే కాక, యంత్రములు బాగుచేయువానిని, దాదిగా పనిచేయుదానిని కూడ వ్రాయుడు. ఇంటిపేరు మాఱి అత్తవారి యూళ్లకు పోయిన ఆడుపిల్లల పేర్లు ఈ పట్టికలలో తఱచుగా జాఱిపోవుచున్నవి. వారిని వెదకి వ్రాయుడు. సమ్మేళనము నాడు శాలువలకు ముందు ఒక్క గంట వారిని పదవ తరగతి పిల్లలతో కూర్చుండబెట్టుడు. చెట్టుక్రింద ఒకని చెవిలో చెప్పు సమాచారమును తరగతిలో అందఱి యెదుట చెప్పింపుడు. తండ్రికి గొప్ప స్నేహితులు లేని బిడ్డకును అది దక్కును.