మానని గాయం, దూరపు ఆసుపత్రి



ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉంది సిరొంచ. రాష్ట్రం మహారాష్ట్ర, ఎన్నో ఇళ్లలో మాట తెలుగు. గడ్చిరోలి జిల్లా అంతటా తెలిసిన ఇంకో మాట ఖర్రా. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపి బుగ్గన పెట్టుకుంటారు. నోటి క్యాన్సర్‌కు అది పెద్ద దారి.

ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేస్తారు. చాలామందికి ఆ తర్వాత రేడియేషన్ కూడా ఇస్తారు. అది క్యాన్సర్ కణాలతో పాటు అక్కడి సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. రక్తం తగ్గితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాయం మానదు. కొందరికి ఏళ్ల తర్వాత కూడా దవడ ఎముక బయటపడి పాడవుతుంది. ఒక పన్ను పీకించుకున్నా అలా జరగవచ్చు.

ఇలాంటివారికి వాడే చికిత్సల్లో ఒకటి హైపర్‌బారిక్ ఆక్సిజన్. మూసిన గదిలో, మామూలు గాలికి 2 నుంచి 2.5 రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. అది రక్తపు ద్రవంలో ఎక్కువగా కరిగి దెబ్బతిన్న చోటికి చేరుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టడానికి తోడ్పడుతుంది. ఒక్కో విడత సుమారు గంటన్నర. మొత్తం 30, 40 విడతలు పట్టవచ్చు.

అయితే ఇది అందరికీ పనిచేసే మందు కాదు. రేడియేషన్ పొందిన దవడకు పన్ను పీకడం వంటి పనులప్పుడు ముందుజాగ్రత్తగా ఈ చికిత్స ఇచ్చి చూశారు బ్రిటన్ వైద్యులు. 2019లో ఫలితం వచ్చింది: ఇచ్చినవారిలోనూ ఇవ్వనివారిలోనూ సుమారు 6 శాతం మందికి ఎముక పాడైంది. కాబట్టి ఎవరికి అవసరమో క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. ప్రకటన చూసి అప్పు చేయకండి.

ఇక న్యాయం సంగతి. వారానికి ఐదు విడతలైతే 40 విడతలకు ఎనిమిది వారాలు. సిరొంచ కూలీ అన్ని రోజులు నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఎలా ఉంటాడు? అతని కూలీ పోతుంది, తోడు వెళ్లిన భార్య కూలీ పోతుంది. వంతెన దాటితే తెలంగాణే, కానీ అక్కడి ఆరోగ్యశ్రీ అక్కడివారికే. ఆయుష్మాన్ కార్డు మాత్రం రాష్ట్రం దాటినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. ఏ చికిత్సకు వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

మంచి సమరయుడు గాయం కట్టి వెళ్లిపోలేదు, సత్రం ఖర్చూ పెట్టుకున్నాడు. మన సంఘాలు చేయగలిగింది అదే: బస, భోజనం, బస్సు చార్జీ, కార్డు కాగితాల పని.

యువతకు ఒక మాట. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే, నోరు సరిగా తెరుచుకోకపోతే వెంటనే చూపించండి. రేడియేషన్ అయినవారు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన ‘సెర్చ్’ సంస్థ గడ్చిరోలిలో ‘ముక్తిపథ్’ పేరుతో మద్యం, పొగాకు మాన్పించే పని చేస్తోంది. ఆ పనిలో మీరూ చేయి కలపండి. ఖర్రా పొట్లం విప్పకపోతే ఈ గది అవసరమే చాలామందికి రాదు.