‘హావ్’ అనే క్రియ – తెలుగు ‘ఉండు’

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

తెలుగు మాధ్యమంలో చదివితే ఆంగ్లం రాదన్న భయం కామాఠిపురా తల్లిదండ్రులలో బలంగా ఉన్నది. ఆ భయం ఎంతవరకు నిజమో ‘హావ్’ అనే ఒక్క చిన్న క్రియను పట్టుకొని పరిశీలించవచ్చును.

‘హావ్’ అనగా ‘కలిగియుండు’ అని చెప్పడం పాఠశాలల్లో చిరకాలపు అలవాటు. అర్థం తప్పు కాదు. కాని ఫోరస్ రోడ్డు చాళ్ళలో ‘నేను ఇద్దరు అన్నలను కలిగియున్నాను’ అనే మనిషి కనబడడు. ‘నాకు ఇద్దరన్నలున్నారు’ అంటాడు. పైగా ‘కలిగియున్నాను’లోని చివరి ‘ఉన్నాను’ను చూచి, అదీ ‘తింటున్నాను’ వంటిదే అనుకొని, పిల్లవాడు ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అని వ్రాస్తాడు. (పట్టభద్రుల నోట కూడా వినబడే మాటే ఇది!) ఈ దోషంలో పిల్లవాని పాలు తక్కువ, అర్థం చెప్పిన తీరు పాలు ఎక్కువ.

ఆంగ్లంలో మనిషి కర్త, అన్నలు కర్మ. తెలుగులో అన్నలే కర్త. మనిషికి ‘కు’ ప్రత్యయం చేరుతుంది. అంతేకాదు, అన్నలైతే ‘నాకు’, డబ్బయితే ‘నా దగ్గర’, ధైర్యమైతే ‘నాలో’ అని తెలుగు తేడా చూపుతుంది. ఆంగ్లానికి మూడింటికీ ‘ఐ హావ్’ చాలు. మరాఠీ కూడా తెలుగు దారినే నడుస్తుంది: ‘మలా దోన్ భావ్ ఆహేత్’, ‘మాఝ్యాకడే పైసే ఆహేత్’. ఇంట తెలుగు, బయట మరాఠీ పలికే పిల్లవానికి వేరుగా తోచేది ఆంగ్లమొక్కటే. ఆ తేడాను రెండు భాషలూ ఎరిగిన ఉపాధ్యాయుడే విప్పి చెప్పగలడు. ఆంగ్లంలోనే ఆంగ్లం చెప్పేవారికి ఆ దోషం ఎక్కడ పుట్టిందో కూడా తెలియదు.

పగ్డీ గది సంగతి చూడండి. పగ్డీ చెల్లించి, నెలనెలా అద్దె కట్టుతూ, ఒకే గదిలో తరాలు గడిపిన కుటుంబం ‘మాకు గది ఉంది’ అంటుంది. అది యాజమాన్యం కాదు. ‘వి హావ్ ఎ రూమ్’ అనడం అక్కడ సరిగ్గా సరిపోతుంది. ‘వి ఓన్ ఎ రూమ్’ అనరాదు. ‘ఫోరస్’ అన్న పేరే పోర్చుగీసు ‘ఫోరో’ నుండి, అనగా భూమికి చెల్లించే శిస్తు నుండి వచ్చినది.

‘ఐ హావ్ రిటెన్’, ‘ఐ హావ్ టు గో’ అన్నచోట ‘కలిగియుండు’ బొత్తిగా పనికిరాదు. ‘ఉండు’ పనికివస్తుంది: ‘వ్రాసి ఉన్నాను’, ‘వెళ్ళవలసి ఉంది’. అయితే వాడుకలో తెలుగుకు ‘వ్రాశాను’ ఒక్కటే చాలును గనుక ‘ఐ హావ్ రిటెన్ యెస్టర్‌డే’ అనే దోషం పుడుతుంది. నిన్న అన్న మాట వస్తే ‘ఐ రోట్’ అనాలని విడిగా చెప్పవలసిందే. ఇక ‘హావ్ టీ’ అంటే టీ త్రాగడమే. దానిని కంఠస్థం చేయించడం తప్ప వేరు మార్గం లేదు.